ప్రశ్న మనది కావాలి: పునరుత్పత్తి పరిశోధన శిక్షణ కోసం ఉద్యమ ప్రణాళిక

గర్భనిరోధక పరిశోధనతో తెలుగు నేలకు పాత సంబంధమే ఉంది. ఇక్కడి ఆడవాళ్లు ఆ ఇంజెక్షన్లు వేయించుకున్నారు, ఆ మాత్రలు మింగారు, ఆ సాధనాలు పెట్టించుకున్నారు. ఇక్కడి పీహెచ్‌సీ రిజిస్టర్లలోని అంకెలు ఢిల్లీ దాకా వెళ్లాయి. ఆ పరిశోధన దేన్ని వెతకాలి, ఎవరి మీద వెతకాలి, ఎక్కడ ఆపాలి అని తేల్చే బల్ల దగ్గర మాత్రం ఈ ఆడవాళ్లు ఎన్నడూ లేరు. వాళ్ల మాట, వాళ్ల బతుకు తెలిసిన పరిశోధకులు కూడా ఆ బల్ల దగ్గర చాలా కొద్దిమందే. ఇది మారాలని ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం.

మాలో పునరుత్పత్తి జీవశాస్త్రం చదివి ల్యాబుల్లో పనిచేసేవాళ్లున్నారు. ప్రసూతి వార్డుల్లో రాత్రి డ్యూటీలు చేసే నర్సులున్నారు. ఇల్లిల్లూ తిరిగి మాత్రలు పంచే ఆశా కార్యకర్తలున్నారు. విదేశాల్లో పీహెచ్‌డీలు చేసి తిరిగి వద్దామంటే చోటు దొరకనివాళ్లున్నారు. రెండో కాన్పు తర్వాత పిల్లల ఆపరేషన్ చేయించుకుని, ఆ తర్వాత ఒంట్లో వచ్చిన మార్పులకు జవాబు దొరక్క తిరుగుతున్నవాళ్లున్నారు. మేమందరం కలిసి అడుగుతున్నది ఒక్కటే: గర్భనిరోధక పరిశోధకులను తయారుచేసే శిక్షణ, అది స్టాక్‌హోంలో జరిగినా హైదరాబాద్‌లో జరిగినా, ఆ మందు వాడబోయే మనిషి ప్రశ్నతో మొదలై ఆ మనిషికే జవాబుదారీ కావాలి.

ఒక మందు నడిచిన దారి

1951 అక్టోబర్ 15న మెక్సికో నగరంలో, సింటెక్స్ అనే కంపెనీ ల్యాబులో, లూయిస్ మిరామోంటెస్ అనే కెమిస్ట్రీ విద్యార్థి నోరెథిస్టెరోన్ అనే పదార్థాన్ని తయారుచేశాడు. వయసు 26 ఏళ్లు, చేతికి డిగ్రీ ఇంకా రాలేదు. అతనికి పని నేర్పిన కార్ల్ జెరాసీ వియన్నాలో పుట్టినవాడు, జార్జ్ రోజెన్‌క్రాంజ్ బుడాపెస్ట్‌లో పుట్టినవాడు. మూలపదార్థమేమో మెక్సికో అడవుల్లో పెరిగే ఒక దుంప నుంచి వచ్చింది. ప్రపంచంలో తర్వాత కోట్లమంది మింగిన గర్భనిరోధక మాత్రల పుట్టుకలో ఇదొక మెట్టు. దేశాలు దాటి వచ్చిన గురువులు, స్థానిక విద్యార్థి, స్థానిక ముడిసరుకు కలిస్తే ఏం జరుగుతుందో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు తెలియదు. అమెరికాలో అదే కాలంలో కుందేళ్ల మీద ప్రొజెస్టెరోన్‌ను పరీక్షించిన ఎం.సి. చాంగ్ కూడా చైనా నుంచి ఉపకారవేతనంతో కేంబ్రిడ్జ్ వెళ్లి చదువుకున్నవాడే. అంతర్జాతీయ శిక్షణ లేకపోతే ఈ శాస్త్రమే లేదు. అందుకే ఆ శిక్షణను కాదనే ఉద్దేశం మాకు ఏ కోశానా లేదు.

అయితే గర్భనిరోధక మాత్రను పెద్ద ఎత్తున పరీక్షించడానికి అమెరికా పరిశోధకులు గ్రెగరీ పింకస్, జాన్ రాక్ 1956లో వెళ్లింది ప్యూర్టోరికోకు. రియో పియెద్రాస్ అనే చోట పేదల కోసం కట్టిన కాలనీలో ఉన్న ఆడవాళ్లకు మాత్రలిచ్చారు. ఇది ఇంకా ప్రయోగమేనన్న సంగతి వాళ్లకు చెప్పలేదు. అక్కడ ఆ పని చూసిన డాక్టర్ ఎడ్రిస్ రైస్-రే, మాత్ర గర్భాన్ని ఆపుతోంది గానీ తలతిరగడం, వాంతులు, తలనొప్పి వంటి బాధలు ఒప్పుకోదగ్గ స్థాయిని మించి ఉన్నాయని రాసింది. ఆమె మాటను పక్కన పెట్టారు. ఆ మందు పనిచేస్తుందా అన్నది పింకస్ ప్రశ్న. దాన్ని మింగి ఆడమనిషి తన రోజు గడుపుకోగలదా అన్నది రైస్-రే ప్రశ్న. రెండూ శాస్త్రీయమైన ప్రశ్నలే. గెలిచింది మొదటిది.

మిరామోంటెస్ చేసిన ఆ నోరెథిస్టెరోన్‌కే చిన్న రసాయన మార్పు చేసి, నూనెలో కలిపి, రెండు నెలలకోసారి వేసే ఇంజెక్షన్‌గా తయారుచేశారు. దాని పేరు నెట్-ఎన్. భారత వైద్య పరిశోధన మండలి దాని మీద దేశంలో ట్రయల్స్ నడిపింది. అలా ఆ మందు 1985లో హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. కొత్త ఇంజెక్షన్ క్యాంపు గురించి తెలిసి స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘం సభ్యులు అక్కడికి వెళ్లారు. ఇది ఇంకా పరీక్షలో ఉన్న మందని, ఈ ఈ బాధలు రావచ్చని అక్కడికి వచ్చిన ఆడవాళ్లకు ఎవరూ చెప్పలేదని తేలింది. ఆ సంగతి విన్నాక చాలామంది ఇంజెక్షన్ వద్దని వెళ్లిపోయారు. 1986లో స్త్రీ శక్తి సంఘటన, మరికొన్ని సంస్థలు, వ్యక్తులు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసు 2000 సంవత్సరం దాకా నడిచింది. నెట్-ఎన్‌ను కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో పెద్ద ఎత్తున వాడబోమని ప్రభుత్వం ఒప్పుకున్నాకే ముగిసింది.

ఈ కథను మా ఉద్యమానికి మూలంగా చెప్పుకుంటున్నాం. కారణం, అక్కడ లోపించింది మంచితనం కాదు, శిక్షణ అన్నది మా నమ్మకం. ఆ క్యాంపులో పనిచేసిన డాక్టర్లకు, నర్సులకు, ట్రయల్ అంటే ఏమిటి, వైద్యం అంటే ఏమిటి, ఈ రెంటికీ తేడాను ఎదుటి మనిషికి ఎలా చెప్పాలి అన్నది ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. హార్మోను మోతాదు గురించి పుస్తకాలున్నాయి, సమ్మతి గురించి ఒక ఫారం ఉంది, అంతే. పాతికేళ్లు గడిచినా అదే లోపం మళ్లీ బయటపడింది. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే అధ్యయనం జరిగినప్పుడు, ఆశ్రమ పాఠశాలల్లో చదివే గిరిజన బాలికల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో ఆ అధ్యయనం ఆగిపోయింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ, దాని మేలును మేము కాదనం. భద్రాచలం ఏజెన్సీలో ఒక తల్లిని కూర్చోబెట్టి ఆమె భాషలో సంగతి వివరించడం పరిశోధనలో భాగమేనని ఆ అధ్యయనం నడిపినవాళ్లకు తోచకపోవడమే మా బాధ.

వెళ్లినవాళ్లు, తిరిగి వచ్చినవాళ్లు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1972లో మానవ పునరుత్పత్తి మీద ప్రత్యేక కార్యక్రమం పెట్టింది. పరిశోధన, సాధనాల తయారీ, పరిశోధకుల శిక్షణ, ఈ మూడూ దాని పేరులోనే ఉన్నాయి. స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కా సంస్థలో ఎగాన్ డిస్‌ఫలూసీ నడిపిన కేంద్రంలో ఎన్నో పేద దేశాల డాక్టర్లు హార్మోన్లను కొలిచే విద్య నేర్చుకున్నారు. న్యూయార్క్‌లోని పాపులేషన్ కౌన్సిల్, ఫోర్డ్ ఫౌండేషన్ ఇచ్చిన ఫెలోషిప్‌లు లాటిన్ అమెరికా, ఆసియా దేశాల్లో ఒక తరం పరిశోధకులను నిలబెట్టాయి. చిలీ డాక్టర్ హైమే జిప్పర్ గర్భసంచిలో రాగి ఉంటే గర్భం నిలవదని చూపితే, అమెరికాలో హోవర్డ్ టాటమ్ దాన్ని టీ ఆకారపు సాధనానికి జోడించాడు. మన పీహెచ్‌సీల్లో ఈనాటికీ పెడుతున్న కాపర్ టీ ఆ స్నేహం నుంచి పుట్టింది.

ఆ జిప్పరే తర్వాత క్వినాక్రిన్ బిళ్లలతో ఆపరేషన్ లేకుండా స్త్రీలకు శాశ్వతంగా గర్భం రాకుండా చేసే పద్ధతి మొదలుపెట్టాడు. పూర్తి భద్రతా పరీక్షలు జరగకుండానే ఆ బిళ్లలను భారతదేశంలో వేలమంది ఆడవాళ్ల మీద వాడారు. మహిళా సంఘాలు, ప్రజారోగ్య అధ్యాపకులు కోర్టుకు ఎక్కాకే 1998లో నిషేధం వచ్చింది. ఒకే మనిషి చేతి నుంచి కాపర్ టీ, క్వినాక్రిన్ రెండూ వచ్చాయి. ప్రతిభ ఎక్కువై వచ్చిన చిక్కు కాదిది. ఆ ప్రతిభకు ఎదురు నిలిచి ఆగమని చెప్పగలిగినవాళ్లు పరిశోధనలో లోపల లేరు, బయట కోర్టు మెట్ల మీద ఉన్నారు. వాళ్లు లోపలికి రావాలి.

తిరిగి వచ్చినవాడికి ఏమవుతుందో కలకత్తాలో చూశాం. డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ 1967లో ఎడిన్‌బరోలో పునరుత్పత్తి హార్మోన్ల మీద పీహెచ్‌డీ చేసి ఇంటికి వచ్చాడు. 1978 అక్టోబర్ 3న, ప్రపంచపు మొదటి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ పుట్టిన రెండు నెలలకే, ఆయన చేతుల మీదుగా భారతదేశపు మొదటి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ పుట్టింది. పిండాన్ని గడ్డకట్టించి దాచి, తర్వాత గర్భసంచిలో ప్రవేశపెట్టే పద్ధతి ఆయన అప్పటికే వాడాడు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ నమ్మలేదు. జపాన్ వెళ్లి తన పని గురించి చెప్పుకోవడానికి అనుమతి దొరకలేదు. చివరికి ఆయనను కళ్లకు సంబంధించిన సంస్థకు బదిలీ చేశారు. 1981లో ఆత్మహత్య చేసుకున్నాడు. 1986లో బొంబాయిలో పుట్టి, దేశంలో మొదటిదిగా గుర్తింపు పొందిన టెస్ట్‌ట్యూబ్ బిడ్డ వెనకున్న శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్, ముఖోపాధ్యాయ్ చేతిరాత నోట్సు చదివి, మొదటివాడు ఆయనేనని 1997లో బహిరంగంగా రాశాడు. తనకున్న గౌరవాన్ని తానే మరొకరికి అప్పజెప్పిన ఆ మనిషికి మేము చేతులెత్తి నమస్కరిస్తున్నాం. అయినా పదహారేళ్లు ఆలస్యమైంది.

ఫెలోషిప్ ఇచ్చి బయటికి పంపడం తేలిక. తిరిగి వచ్చినవాడికి బల్ల, ఇంక్యుబేటర్, రసాయనాలకు డబ్బు, మాట నమ్మే తోటివాళ్లు ఉండాలి. ఇవి లేకుండా విదేశీ శిక్షణకు మన పిల్లల్ని పంపితే మొక్కను నారుమడి నుంచి పీకి గట్టు మీద పడేసినట్టే.

ఇంటి దగ్గర ఉన్న ప్రశ్నలు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లై 15-49 ఏళ్ల వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 62 శాతం పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తంలో అది 38 శాతం. మగవాళ్ల ఆపరేషన్ దేశంలో 0.3 శాతం. మాత్ర, కాపర్ టీ, కండోమ్ వాడేవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో అతి తక్కువ. అంటే మన ఆడపిల్లకు గర్భనిరోధకం అంటే కత్తి ఒక్కటే. ఆ కత్తి కింద 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్క రోజు 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. నలుగురూ చిన్న పిల్లల తల్లులు.

గర్భసంచి తీయించుకున్నవాళ్ల నిష్పత్తిలోనూ మన రెండు రాష్ట్రాలు దేశంలో ముందు వరుసలో ఉన్నాయి. చిన్న వయసులోనే ట్యూబులు కత్తిరించుకుని, నలభై నిండకుండానే గర్భసంచి పోగొట్టుకున్న ఆడవాళ్లు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మొదటి ఆపరేషన్‌కూ రెండోదానికీ ఏమైనా సంబంధం ఉందా? ఇక బిడ్డలు వద్దు కదా, ఆ సంచి ఎందుకన్న మాట డాక్టరు నోట వచ్చిందా, ఆమె నోట వచ్చిందా? ఆ తర్వాత ఎముకలు, గుండె ఏమవుతున్నాయి? అడిగిన ఆడమనిషికి అర్థమయ్యేలా జవాబు చెప్పినవాళ్లు లేరు. ఇది పెద్ద పునరుత్పత్తి జీవశాస్త్ర ప్రశ్న. ఏ విదేశీ విశ్వవిద్యాలయమూ దీన్ని మన తరఫున అడగదు, అడగాల్సిన అవసరం వాళ్లకు లేదు.

మన ప్రశ్నను మనమే వేసుకున్నప్పుడు ఏం వచ్చిందో కూడా చెప్పాలి. గర్భనిరోధక మాత్రలు మన ఆడవాళ్ల ఒంట్లోని బి విటమిన్లను ఏం చేస్తున్నాయని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో మహతాబ్ బామ్జీ బృందం పరిశోధించింది. తిండి చాలని ఒంటి మీద ఆ మాత్ర ఎలా పనిచేస్తుందన్నది మన దగ్గర పుట్టాల్సిన ప్రశ్నే, ఇక్కడే పుట్టింది. లక్నో కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ స్టెరాయిడ్ హార్మోను లేని, వారానికోసారి వేసుకునే సెంట్‌క్రోమాన్ మాత్రను తయారుచేసింది. 1991లో సహేలీ పేరుతో మార్కెట్లోకి వచ్చిన ఆ మాత్రే ఇవాళ ఛాయ పేరుతో ఆశా కార్యకర్త సంచిలో ఉంది.

మగవాళ్ల సంగతికి వస్తే, జీవశాస్త్రం నిజంగానే కష్టపెడుతుంది. ఆడమనిషి ఒంట్లో నెలకు ఒక అండాన్ని ఆపితే చాలు. మగవాడి ఒంట్లో సెకనుకు వెయ్యికి పైగా వీర్యకణాలు తయారవుతాయి, ఒక్కో కణం తయారవడానికి రెండు నెలలు దాటుతుంది. ఇది కష్టమని ఒప్పుకుంటాం, వదిలేయడానికి సాకుగా ఒప్పుకోం. ఖరగ్‌పూర్ ఐఐటీ ఆచార్యుడు సుజయ్ గుహ 1970లలో ఆలోచించిన మగవాళ్ల ఇంజెక్షన్‌కు 303 మందితో చేసిన మూడో దశ ట్రయల్ ఫలితాలు 2023లో గానీ వెలువడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపిన మరో ట్రయల్‌లో 320 మంది మగవాళ్లకు టెస్టోస్టెరోన్‌తో కలిపి ఇచ్చిన రెండో హార్మోను ఏదనుకున్నారు? పటాన్‌చెరుకు వచ్చిన ఆ నెట్-ఎనే. దిగులు, మానసిక స్థితి మారిపోతుండడం, నొప్పి వంటి ఫిర్యాదులు రాగానే స్వతంత్ర భద్రతా కమిటీ 2011లో దాన్ని ఆపించింది. ఆపడం సరైన పనే. మగవాడి దిగులుకు దొరికిన ఆ గౌరవం అంతర అనే గర్భనిరోధక ఇంజెక్షన్ వేయించుకుని నెలసరి ఆగిపోయి భయపడుతున్న ఆడమనిషికీ దొరకాలి.

మేము కోరేవి

విదేశాలకు పంపే ప్రతి పునరుత్పత్తి పరిశోధన ఫెలోషిప్‌లోనూ తిరిగి వచ్చాక కనీసం ఐదేళ్లు ఇక్కడ పనిచేయడానికి పదవి, ల్యాబు, ఖర్చులకు సొమ్ము ముందే రాసి ఉండాలి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, పోషకాహార సంస్థ, మన విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర విభాగాలు, ప్రసూతి ఆసుపత్రులు కలిసి ఆ చోటును తయారుచేయాలి. రాకపోకలు రెండు వైపులా ఉండాలి. ఇక్కడి స్త్రీల మీద పనిచేయదలచిన విదేశీ విద్యార్థి ముందు ఇక్కడికి వచ్చి, ఒక ఏఎన్ఎం వెంట కొన్ని నెలలు తిరిగి పని నేర్చుకోవాలి. ఆ ఏఎన్ఎంకు గురువుగా పేరు, జీతం రెండూ ఇవ్వాలి.

జన్యువుల మీద పనిచేయగలవాళ్లు మనకు చాలామంది ఉన్నారు. కొత్త అణువును జంతువుల మీద విషపరీక్షలు దాటించి, మోతాదు తేల్చి, ట్రయల్ రూపకల్పన చేసి, గణాంకాలు లెక్కగట్టి, మార్కెట్లోకి వచ్చాక కూడా దుష్ఫలితాల్ని వెంటాడగలవాళ్లు కొద్దిమంది. శిక్షణలో బరువు ఈ రెండో రకం పని మీద పెట్టాలి. నర్సులకు, ఫార్మసిస్టులకు, గణాంక శాస్త్రవేత్తలకు ఆ తలుపులు తెరవాలి. గర్భం రాకుండా చూసే శాస్త్రం, గర్భం రానివాళ్లకు సాయపడే శాస్త్రం ఒకటే కాబట్టి సంతానలేమి పరిశోధనను కూడా ప్రైవేటు ఐవీఎఫ్ సెంటర్లకు వదిలేయకూడదు.

సమ్మతిని పరీక్ష రాసే పాఠంగా పెట్టాలి. మాట్లాడే తెలుగులో, కోయలో, గోండిలో, లంబాడీలో సంగతి చెప్పి, విన్న మనిషి దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పేదాకా సంతకం తీసుకోకూడదు. ఆమె తిరిగి చెప్పలేకపోతే ఫెయిలైంది పరిశోధకుడే.

మన రక్తపు నమూనాలు, మన సమాచారం వాడి తయారైన మందు మన ప్రభుత్వాసుపత్రికి ఏ ధరకు ఇస్తారో ట్రయల్ మొదలవకముందే ఒప్పందంలో ఉండాలి. ఇంతే ముఖ్యమైనది ఇంకొకటి: జనాభా లెక్కలకు ఈ శాస్త్రాన్ని తాకట్టు పెట్టడం మేము ఒప్పుకోం. నిన్నటిదాకా ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న ఆంధ్రప్రదేశ్, 2024లో ఆ నిబంధన తీసేసి, ఇప్పుడు ఎక్కువమందిని కనమంటోంది. ప్రభుత్వాల అవసరం ఎటు తిరిగినా ఆడమనిషి ఒళ్లు ఆమెదే. ఎప్పుడు కనాలో, అసలు కనాలో వద్దో తేల్చుకునే సాధనాలు ఆమె చేతిలో పెట్టడమే మా పని.

మాకు మేము పెట్టుకున్న నియమాలు

ఈ ఉద్యమంలో ఉన్న పరిశోధకులెవరూ, ఆ ప్రాంతపు ఆడవాళ్లతో ఏర్పడిన కమిటీ చూసి ఒప్పుకోని ట్రయల్‌లో పనిచేయరు. ఆ కమిటీకి ఆపే అధికారం ఉంటుంది, సలహా ఇచ్చే అధికారం మాత్రమే సరిపోదు. పనిచేయలేదని తేలిన మందు ఫలితాన్ని కూడా అచ్చువేస్తాం. కంపెనీల నుంచి, విదేశీ సంస్థల నుంచి తీసుకునే ప్రతి రూపాయినీ తెలుగులో బహిరంగంగా రాసి పెడతాం. పరిశోధన ముగిశాక, పాల్గొన్నవాళ్ల ఊరికి వెళ్లి, తేలిందేమిటో వాళ్లకు చెప్పాకే పత్రికకు పంపుతాం.

సభ్యత్వానికి డిగ్రీ అడగం. మొదటి ఏడాది మూడు పనులు పెట్టుకున్నాం. అంతర, ఛాయ వాడుతున్న ఆడవాళ్ల అనుభవాలను వాళ్ల మాటల్లోనే నమోదు చేసే పుస్తకాన్ని ఆశా కార్యకర్తలతో కలిసి ప్రతి జిల్లాలో తెరుస్తాం. విదేశాల్లో ఈ రంగంలో పనిచేస్తున్న తెలుగు పరిశోధకుల జాబితా తయారుచేసి, ఏడాదిలో కొన్ని వారాలు మన మెడికల్ కాలేజీల్లో పాఠం చెప్పమని ఒక్కొక్కరికీ ఉత్తరం రాస్తాం. పిల్లల ఆపరేషన్, ఆ తర్వాత గర్భసంచి తొలగింపు, ఈ రెంటి మధ్య ఉన్న ప్రశ్న మీద మొదటి అధ్యయనానికి రూపకల్పన చేస్తాం. దాని ప్రశ్నావళిని ముందుగా ఆ రెండు ఆపరేషన్లూ జరిగిన ఆడవాళ్ల సభలో పెడతాం. వాళ్లు మార్చమన్న చోట మార్చాకే అది ఎథిక్స్ కమిటీకి వెళుతుంది.